నలభై ఒకటో మడిలో అంతరించిన జీవి

గువ్వలదిన్నె ఉప్పు కొఠారులో సముద్రపు నీళ్ళతో ఉప్పు పండించే మడులు నలభై ఆరున్నాయి. మాఘమాసం వచ్చిందంటే ఆ నలభై ఆరింట్లోనూ నీళ్ళు గులాబిరంగుకి తిరుగుతాయి. ఎందుకు తిరుగుతాయని ఆ ఊళ్ళో ఎవరూ ఎవర్నీ అడగలేదు. రంగు తిరిగిందంటే నీళ్ళు ముదిరాయని, ముదిరాయంటే ఇంకో పదిహేను రోజుల్లో ఉప్పు కడుతుందని తెలిస్తే చాలు, అన్నం దొరుకుతుంది. అంతకంటే ఎక్కువ తెలిస్తే ఏమవుతుందో ఈ కథ వింటే మీకే బోధపడుతుంది.

నలభై ఒకటో మడి మస్తానమ్మది. మొగుడు పోయి పన్నెండేళ్ళయింది. పుష్యంలో మడి తొక్కి చదును చేసుకోవడం, సముద్రపు నీళ్ళు పెట్టుకోవడం, మృగశిర చినుకు పడేలోగా ఉప్పు లాగి గట్టుకి చేర్చుకోవడం, ఆ నాలుగు నెలల ఉప్పుతో ఏడాదంతా బతకడం, ఇదీ ఆవిడ వ్యవహారం. ఆ మడి తప్ప సెంటు భూమి లేదు. నోరు మాత్రం ఊరందరికీ సరిపోయేంత ఉంది.

నాలుగేళ్ళ కిందట యూనివర్సిటీ నుంచి ఎలీషా అనే పరిశోధకుడొచ్చి, ఆ మడిలోంచి రెండు చెంచాల మట్టి కావాలన్నాడు. చేతిలో అనుమతి కాగితం కూడా ఉంది: నలభై ఒకటో నంబరు మడి, మట్టి, చెంచాలు రెండు. ఉప్పుకొచ్చేవాళ్ళని చూసింది గానీ మట్టికొచ్చేవాణ్ణి మస్తానమ్మ అదే చూడటం. పాపం, చదువెక్కువై ఇట్టా అయ్యుంటాడని జాలిపడి, చెంబెడు మజ్జిగ కూడా ఇచ్చి పంపింది.

ఆ రెండు చెంచాల మట్టితో ఎలీషా నాలుగేళ్ళు కాపరం చేశాడు. మొన్న మాఘంలో మళ్ళీ వచ్చాడు, మొహం వెలిగిపోతూ.

"పెద్దమ్మా, మీ మడి మట్టిలో లోకంలో ఎవరికీ తెలియని సూక్ష్మజీవి దొరికింది. ఉప్పు లేందే బతకదు. మడికి రంగొచ్చేది దానివల్లే."

"కంటికి ఆనుతుందా?"

"ఆనదు."

"కంటికి ఆననిదాన్ని కొత్తదని ఎట్టా పోల్చావు నాయనా?"

ఎలీషా ఓపిగ్గా చెప్పాడు. నూటికి ఇరవై పాళ్ళు ఉప్పు కలిపిన మేత పెడితే, నెల రోజులకి గానీ ఆవగింజంత చుక్కగా పైకి కనబడలేదట. ఆ చుక్క ఏం తింటుందో, ఎంత ఉప్పుకి ఓరుస్తుందో, ఎంత వేడికి తాళుతుందో చూశాడట. తర్వాత దాని జన్యువుల్ని ఇదివరకు తెలిసిన ఉప్పు జీవులన్నిటితోనూ పోల్చి చూశాడట. దగ్గరి చుట్టం ఎక్కడో పరాయి దేశంలో ఉప్పు చెరువులో ఉంది గానీ, రెండూ ఒకే జాతి అనడానికి చాలినంత పోలిక లేదట.

"సంబంధం ఖాయం చేసుకునే ముందు ఇంటిపేరూ గోత్రమూ విచారించినట్టు, అంతా విచారించావన్నమాట."

"అంతే పెద్దమ్మా. కొత్త జాతి కాబట్టి పేరు పెట్టే హక్కు నాది. మీ పేరే పెట్టాను."



"నేను నీకు మజ్జిగ ఇవ్వడం తప్ప ఏం అపకారం చేశాను నాయనా? నా పేరు తీసుకెళ్ళి పురుక్కి పెట్టావేంది?"

అది గౌరవమని, ఎంతో పెద్దవాళ్ళకి కూడా దక్కదని, లోకంలో ఈ శాస్త్రం ఉన్నన్నాళ్ళూ ఆ పేరు ఉంటుందని ఎలీషా అరగంట సేపు నచ్చజెప్పాడు. ఎంత గౌరవం కాకపోతే అంతసేపు చెబుతాడని మస్తానమ్మకీ నమ్మకం కుదిరింది. పొద్దుగూకేసరికి కొఠారంతా తిరిగి, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పుకొచ్చింది. పేపరువాళ్ళ చెవిన కూడా పడింది. పేపర్లో వేశాక ప్రభుత్వానికి తెలిసింది. అక్కడితో గౌరవం అయిపోయింది.

వారం తిరక్కుండా జీపొచ్చింది. అందులోంచి గోటేటి త్రివిక్రమరావు గారు దిగారు. అరుదైన జీవుల సంరక్షణ విభాగానికి ప్రత్యేకాధికారి. ఇదివరకు వేరే జిల్లాలో ఒక కొంగల మడుగుని సంరక్షించిన అనుభవం ఉంది. ఇప్పుడక్కడ కొంగలు లేవు, సంరక్షణ ఉంది. ఆయన గట్టు మీద కుర్చీ వేయించుకుని, ఎలీషాని పిలిపించి విచారణ మొదలుపెట్టారు.

"ఈ జీవి ఎన్ని చోట్ల కనబడింది?"

"ఒక్కచోట సార్, ఈ మడిలోనే."

"ఎన్ని చోట్ల వెతికారు?"

"ఒక్కచోటే సార్. అనుమతి ఈ మడికే ఇచ్చారు."

"వెతికిన చోట్లన్నిటిలోనూ కనబడింది, వెతకని చోట ఎక్కడా కనబడలేదు," అన్నారు త్రివిక్రమరావు గారు తృప్తిగా, గుమాస్తా వైపు తిరిగి. "రాసుకో. సదరు జీవి యావత్ ప్రపంచమునందు నలభై ఒకటవ నంబరు మడి యందు మాత్రమే నివసించుచున్నందున, అంతరించిపోవు దశ యందున్నట్లు ఇందుమూలముగా నిర్ధారించడమైనది."

"సార్, ఒక్క గుప్పెడు మట్టిలోనే లక్షలకి లక్షలుంటాయి," అన్నాడు ఎలీషా.

"ఎన్ని లక్షలున్నా ఇల్లొకటే గదా."

మస్తానమ్మ ఇక ఊరుకోలేకపోయింది. "సామీ, ఒక్కసారి తలెత్తి చూడండి. మడులన్నీ ఇదే రంగులో ఉన్నాయి గదా. ఉంటే అన్నిట్లోనూ ఉంటది."

ఆయన తలెత్తి చూశారు. కనుచూపు మేర గులాబిరంగే.

"చూడమ్మా, రంగు శాస్త్రీయ ఆధారం కాదు. రంగు వేరు, జీవి వేరు. మిగతా మడుల్లో ఉన్నదీ లేనిదీ పరీక్ష చేస్తే గాని తెలియదు. పరీక్షకి అనుమతి కావాలి. సదరు జీవి ఇప్పుడు రక్షిత జీవి గనక, దాని జోలికి వెళ్ళే పరీక్షలకి అనుమతి ఇవ్వడానికి వీలు లేదు."

మర్నాటికల్లా మడి చుట్టూ ముళ్ళకంచె పడింది. జీవి ఉన్నంతవరకు ఎవ్వరూ ప్రవేశించరాదని మూలకో బోర్డు పడింది, గేటుకో గార్డు పడ్డాడు. అప్పటికి మడిలో ఉప్పు కట్టి, ఇవాళో రేపో లాగాల్సినట్టు ఉంది. ఉప్పు లాగే చెక్కపార భుజాన వేసుకుని వచ్చిన మస్తానమ్మని గార్డు గేటు దగ్గరే ఆపేశాడు. ఆవిడ ఆ కంచె పట్టుకుని లోపల మెరుస్తున్న తన ఉప్పుని చూస్తూ నిలబడిపోయింది.  ఏడాది తిండి అంతా అక్కడ, తను ఇక్కడ.

ఎలీషా సిగ్గుతో చితికిపోయాడు. "పెద్దమ్మా, నేను దొంగచాటుగా పక్కమడి మట్టి పరీక్ష చేస్తాను. అందులోనూ ఉందని తేలితే ఇది అరుదైంది కాదని ఒప్పుకోక తప్పదు. నా ఉద్యోగం పోతే పోనీ."

మస్తానమ్మ అనుభవం ఉన్న మనిషి. సరే అనకుండా తిన్నగా త్రివిక్రమరావు గారి దగ్గరికే వెళ్ళి అడిగింది. "సామీ, మాటవరసకి అడుగుతుండా. మిగతా నలభై అయిదింట్లో కూడా ఉందనుకోండి. అప్పుడేం చేస్తారు?"

"ఏముందమ్మా, మిగతా నలభై అయిదింటికీ కంచె వేస్తాం."

ఆవిడ తిరిగొచ్చి ఎలీషాతో చెప్పింది. "నీ చెంచా జేబులో పెట్టుకో నాయనా. నా ఒక్కదాని పొయ్యే ఆరింది. ఇంకెవరి పొయ్యీ ఆరనీయొద్దు."

సంరక్షణ సాగింది. జీవుల సంఖ్య రోజూ రిజిస్టర్లో రాయాలని గార్డుకి ఉత్తర్వు. మొదటిరోజు కంచె చుట్టూ రెండుసార్లు తిరిగి, ఏమీ కనబడక సున్నా అని రాశాడు. విధుల్లో అలసత్వమని మెమో వచ్చింది. రెండోరోజు ఎలీషాని అడిగి లక్షల కోట్లు అని రాశాడు. అతిశయోక్తి అని ఇంకో మెమో వచ్చింది. మూడోరోజు నుంచీ "నిన్నటివలెనే" అని రాయడం మొదలుపెట్టాడు. పైవాళ్ళు దాన్ని మెచ్చుకుని, జీవుల సంఖ్య నిలకడగా ఉందని పత్రికలకి ప్రకటన ఇచ్చారు.

ఇంతలో విభాగానికి ఇంకో సందేహం వచ్చింది. ఈ మడి ఉప్పు కంచె పడక ముందు బయటికి పోయిందా? పోతే, ఉప్పురాళ్ళలో జీవులు కూడా పోయుంటాయా? ఎలీషా అబద్ధం చెప్పడం నేర్చుకోనివాడు. ఉప్పురాయి లోపల చిక్కుకున్న తడిలో కొన్ని ఏళ్ళ తరబడి బతికుంటాయని చెప్పాడు. ఇంకేముంది, ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టు, నిరుడు మస్తానమ్మ ఉప్పు కొన్న ఇళ్ళన్నిటికీ నోటీసులెళ్ళాయి. రక్షిత జీవుల్ని అక్రమంగా జాడీల్లో నిర్బంధించినందుకు సంజాయిషీ చెప్పుకోమన్నారు. ఊళ్ళో ఆ ఉప్పుతో పెట్టిన ఆవకాయ జాడీలు అరవై మూడు స్వాధీనం చేసుకుని బడి వరండాలో వరసగా పేర్చి, పైన "పునరావాస కేంద్రం" అని రాయించారు. రోజూ మధ్యాహ్నం భోజనాల వేళ సిబ్బంది వాటి బాగోగులు స్వయంగా పర్యవేక్షించేవాళ్ళు. పదిహేను రోజుల్లో తొమ్మిది జాడీలు అడుగంటాయి.

ఊళ్ళో ఆడవాళ్ళు వచ్చి మస్తానమ్మని తిట్టిపోశారు. "నీ పేరు పెట్టించుకోకపోతే ఏం పోయింది?" అన్నారు. 

చైత్రం వెళ్ళి వైశాఖం వచ్చింది. ఎండలు ముదిరాయి. ఎండాకాలంలో రక్షిత జీవులకి తాగునీటి ఏర్పాటు చెయ్యాలని విభాగంలో ఏనాటి నుంచో ఒక నియమం ఉంది. అడవిలో జింకల కోసం తొట్లు కట్టి ట్యాంకర్లతో మంచినీళ్ళు పోస్తారు. ఆ నియమంలో జింకలని లేదు, జీవులని ఉంది. త్రివిక్రమరావు గారు నియమం తప్పే మనిషి కాదు. అయిదు ట్యాంకర్లు మంజూరు చేయించారు. దాంతోపాటు ఎలీషాకో ఉత్తర్వు పంపారు: రక్షిత జీవుల్ని గాజు గొట్టాల్లో బంధించి ఉంచడం నేరం గనక, ప్రయోగశాలలో ఉన్నవాటిని ఆఖరి గొట్టంతో సహా తెచ్చి, జలదాన కార్యక్రమం రోజునే స్వస్థలంలో విడుదల చెయ్యాలి.

ఎలీషా గొట్టాల పెట్టె పట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"సార్, మీకు దణ్ణం పెడతాను. ఇవి ఉప్పునీళ్ళలో తప్ప బతకవు. మంచినీళ్ళు తగిలితే ఒళ్ళు ఉబ్బి పగిలిపోతాయి. మడంతా చచ్చిపోతుంది."

"దాహం వెయ్యని జీవి ఉంటుందా డాక్టర్ గారూ?"

"ఉందనే నాలుగేళ్ళు పరిశోధన చేశాను సార్."

"అలాగైతే లిఖితపూర్వకంగా ఇవ్వండి. నిపుణుల సంఘానికి పంపుతాం. నెల రోజుల్లో అభిప్రాయం వస్తుంది. ఈలోగా దాహంతో ఒక్క జీవికి హాని జరిగినా బాధ్యత ఎవరిది?"

గువ్వలదిన్నెలో తాగునీటికి ఆడవాళ్ళు కోసున్నర దూరం నడుస్తారు. ట్యాంకరు రమ్మని వాళ్ళు పెట్టిన అర్జీ ఆరేళ్ళుగా పరిశీలనలో ఉంది. అలాంటి ఊళ్ళోకి అయిదు ట్యాంకర్లు వరసగా వచ్చేసరికి, బిందెలతో ఊరు ఊరంతా కదిలింది. గార్డు కర్ర అడ్డం పెట్టాడు. "మీకు కాదు, జీవులకి," అన్నాడు. అతనికీ సిగ్గుగానే ఉంది, తల వంచుకునే అన్నాడు. బిందెలు చంకన పెట్టుకుని వాళ్ళంతా చూస్తుండగా, త్రివిక్రమరావు గారు ఎలీషా తెచ్చిన గొట్టాలు ఒక్కొక్కటీ మడిలో ఒంపి, ట్యాంకరు గొట్టం తనే పట్టుకుని, మంచినీళ్ళు వదిలారు. ఫోటోలు తీశారు.

మస్తానమ్మ కంచె బయట కూలబడింది. కట్టిన ఉప్పు కళ్ళ ముందే కరిగిపోతోంది. మొదట అంచుల్లో పోయింది, తర్వాత నడిమధ్యన పోయింది. సాయంత్రానికి గులాబిరంగు కూడా వెలిసి, మడి బురదనీళ్ళ గుంటలా అయిపోయింది. మొగుడు పోయిన రోజున కూడా ఆవిడ అంత ఏడవలేదు. ఎలీషా ఖాళీ పెట్టె పట్టుకుని పక్కన నిలబడ్డాడు.

పది రోజుల తర్వాత విభాగంవాళ్ళే ఎలీషాతో మట్టి పరీక్ష చేయించారు. ఒక్క జీవి లేదు.

త్రివిక్రమరావు గారు మొదట జీవులు వలస వెళ్ళాయని రాయబోయారు. వలస ఎటు వెళ్ళిందో, దారిపొడుగునా సంరక్షణ ఎందుకు చెయ్యలేదో చెప్పాలని పైనుంచి అడుగుతారని గుమాస్తా గుర్తుచేశాడు. ఆయన ఆలోచనలో పడ్డారు. ఆ సమయానికి మస్తానమ్మ వచ్చి ఆయన బల్ల ముందు నిలబడింది.

"జీవి ఉన్నన్నాళ్ళే కంచె అన్నారు గదా సామీ. ఉంటే చూపించండి. లేకపోతే లేదని రాసి నా మడి నాకియ్యండి. రోహిణి కార్తె వచ్చేసింది. ఇంకో ఇరవై రోజులు పోతే వానలు. ఆ తర్వాత మడి ఇచ్చినా ఒకటే, నాకింత మట్టి ఇచ్చినా ఒకటే."

ఆ మాటల్లో ఆయనకి దారి దొరికింది. నివేదిక తయారైంది. "సదరు జీవి తీవ్రమైన వేసవి తాపము వలన, సహజ కారణములచే అంతరించినది. అయిదు ట్యాంకర్ల నీరు చాలనందున, భవిష్యత్తులో ఇట్టి జీవులకు పది ట్యాంకర్లు మంజూరు చేయవలెనని సిఫారసు చేయడమైనది." పైనుంచి ముగ్గురు సంతకాలు చేశారు. గెజిట్లో పడింది. కంచె తీసేశారు. మిగిలిన జాడీలు కడిగి ఎవరివి వాళ్ళకి ఇచ్చేశారు.

ఊరు మనిషిని తిడుతుంది గానీ వదిలెయ్యదు. తిట్టిన ఆడవాళ్ళే వచ్చి మస్తానమ్మ మడిలో బురదనీళ్ళు తోడిపోశారు, పక్కన చేరి మడి తొక్కారు. సముద్రపు నీళ్ళు ముదిరేదాకా ఆగితే వాన పడుతుందని, తలా కాస్తా తమ మడుల్లోంచి ముదురు నీళ్ళు కాలవ తీసి ఆవిడ మడిలోకి వదిలారు. రోహిణి ఎండ సంగతి చెప్పేదేముంది. తొమ్మిదో రోజుకి నీళ్ళు గులాబిరంగుకి తిరిగాయి. పదిహేనో రోజుకి ఉప్పు కట్టింది.

మస్తానమ్మ చెక్కపార పట్టుకుని మడిలో దిగిన రోజునే ఎలీషా చూడటానికొచ్చాడు. వచ్చి ఆ రంగు చూసి, గట్టు మీద గొంతుక్కూచుని, చాలాసేపు నవ్వో ఏడుపో తెలియని మొహంతో ఉండిపోయాడు. సరిగ్గా అప్పుడే జీపొచ్చింది. త్రివిక్రమరావు గారికి ప్రమోషన్ వచ్చింది. వెళ్ళే ముందు "ఒక అరుదైన జీవి ఇచ్చట అంతరించినది" అనే రాతిపలక పాతించి, దాని పక్కన ఫోటో దిగుదామని వచ్చారు. మడిని చూసి ఆగిపోయారు.

"ఇదేమిటి డాక్టర్ గారూ?"

 ఆయన జవాబు కోసం ఆగకుండా పైకే లెక్కలు వేసుకోవడం మొదలుపెట్టారు. "ఇది ఆ జీవే అయితే నా నివేదిక తప్పవుతుంది. ముగ్గురు పెద్దలు సంతకాలు చేసిన నివేదిక తప్పయ్యే అవకాశం లేదు. కాబట్టి ఇది ఆ జీవి కాదు. ఆ జీవి కానప్పుడు, ఇది ఇంకో కొత్త జీవి కావాలి." ఆయన చూపు జీపు వెనకాల పడున్న ముళ్ళకంచె చుట్ట మీదికి పోయింది.

 దక్షిణాన మబ్బు లేస్తోంది. మస్తానమ్మ మడిలోంచే రెండు చేతులూ జోడించింది.

"సామీ, ఇది జీవి కాదు. రంగు. రంగు వేరు, జీవి వేరని తమరే సెలవిచ్చారు."

త్రివిక్రమరావు గారి మొహం తేటపడింది. "నిజమే. కానీ ఆ మాట నువ్వంటే చెల్లదమ్మా. నిపుణుడు ధ్రువీకరించాలి." గుమాస్తా అక్కడికక్కడే కాగితం రాసి ఎలీషా ముందు పెట్టాడు. నలభై ఒకటో మడిలో ఉన్నది కేవలం రంగు మాత్రమేనని, అందులో ఏ విధమైన జీవీ లేదని, ఇకముందు ఉండబోదని, అట్టిదాన్ని వెతకవలసిన అవసరం లేదని నిపుణుడిగా ధ్రువీకరించడమైనదని ఉంది.

ఎలీషా కాగితం చదివాడు. నాలుగేళ్ళ పని అది. సంతకం పెడితే తను కనుక్కున్నదాన్ని తనే లేదన్నట్టు, మళ్ళీ ఆ మట్టిలో చెంచా పెట్టే దారి లేనట్టు. మస్తానమ్మకి ఆ సంగతి తెలుసు. తెలిసే, పెట్టమని అడగలేక, వద్దని అనలేక, పార మీద చెయ్యి వేసుకుని నిలబడింది. ఎలీషా మబ్బు వైపు చూశాడు, మడిలో కట్టిన ఉప్పు వైపు చూశాడు, సంతకం చేసి ఇచ్చేశాడు.

"రంగు మా శాఖ పరిధిలోకి రాదు," అని త్రివిక్రమరావు గారు రాతిపలక పక్కన ఫోటో దిగి వెళ్ళిపోయారు.

జీపు దుమ్ము అణిగింది.

"నా మూలాన నీ చదువంతా నీళ్ళపాలైంది గదా నాయనా," అంది మస్తానమ్మ. 

"ఉప్పునీళ్ళే గదా పెద్దమ్మా," అన్నాడు ఎలీషా. "అందులో అది బతుకుతుంది."

అతను చెప్పులు విప్పి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, గట్టున ఉన్న రెండో పార అందుకుని మడిలోకి దిగాడు. పార పట్టడం చేతకాక మొదట రెండుసార్లు మట్టి కూడా లాగాడు. మస్తానమ్మ తిట్టి నేర్పింది. చినుకు పడేలోగా ఇద్దరూ కలిసి ఆ రంగులోంచి ఇరవై రెండు గంపల ఉప్పు లాగి గట్టున పోశారు.